చిత్రలేఖన గురువునకు బడిలో చోటు

లాక్‌డౌను కాలము కళాకారులకు వరమైనదనియు, లోకమంతయు తలుపులు మూసికొని కూర్చుండిన ఆ దినములలో చిత్రకారునకు కావలసినంత ఏకాంతమును తీరికయు లభించినవనియు, ఆ తీరికలోనుండి మేలైన చిత్రములెన్నియో పుట్టినవనియు పలువురు వ్రాయగా చదివితిని; సభలలో చెప్పగా వింటిని. పేరు, ధనము, స్వంత చిత్రశాల గల కొందఱి విషయమున ఆ మాట సత్యమే. ఆంగ్లదేశపు ప్రసిద్ధ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఎనుబదిరెండేండ్ల వయస్సున, ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతమున తన యింటి పరిసరములలోనే నిలిచి, 2020 నాటి వసంతాగమనమును ఐప్యాడుమీద చిత్రించి, ఆ చిత్రములను మఱుసటి యేట లండను నగరపు రాయల్ అకాడమీలో ప్రదర్శించెను. ఆ వృద్ధుని ఉత్సాహమునకు నేను చేతులు జోడించెదను. కాని నెలజీతముపై బడిపిల్లలకు బొమ్మలు నేర్పుకొని బ్రతుకు చిత్రకారుని సృజనజీవితము ఆ రెండేండ్లలో ఏమైనదో, ఆ తరువాత ఏమగుచున్నదో పట్టించుకొని వ్రాసినవారు అరుదు. ఆ పని చేసి బ్రతుకువాడను గనుక, దానిని చెప్పవలసిన భారము నాపై కొంత యున్నదని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

తాండూరు పట్టణమున ఒక ప్రైవేటు బడిలో నేను డ్రాయింగు సారును. ఆదివారములందు రైలెక్కి వికారాబాదునకు పోయి, అచ్చట ఒక మిత్రుని యింటి వసారాలో మఱికొందఱు పిల్లలకు బొమ్మలు నేర్పుచుంటిని. ఈ రెండూళ్ల నడుమ సుమారు 40 కిలోమీటర్ల దూరము. సికిందరాబాదునుండి వాడి వఱకు నిజాము కాలమున, 1874లో, పడిన ఇనుపదారి ఈ రెండింటిని కలుపుచున్నది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనివే ఈ రెండు పట్టణములైనను, చిత్రకారుని కన్నులకు మాత్రము ఇవి రెండు వేర్వేరు లోకములు. వికారాబాదుది ఎఱ్ఱనేల. మూసీనది పుట్టిన అనంతగిరి కొండలమీద వాన వెలిసిన పిదప ఆ ఎఱుపు, అడవి పచ్చదనము ప్రక్కన నిలిచి, పిల్లవానికి సయితము విరుద్ధవర్ణముల పొందికను గురువు లేకుండగనే బోధించును. పడమటికి పోవుకొలది నేల నల్లబడును. ఆ నల్లరేగడి క్రింద పొరలు పొరలుగా నాపరాయి. దానినే దేశమంతటను తాండూరు బండయని పిలుచుచున్నారు. కొన్ని గనులలో నీలిబూడిద వన్నె, కొన్నిటిలో లేత పసుపు. ఆ నల్లరేగడి పైన కందిచేలు. కర్ణాటకపు పొలిమేర దగ్గఱగుటచే సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును ఒకే నోట వినవచ్చును. ఇంతటి వర్ణవైవిధ్యము గల సీమలో పుట్టిన పిల్లలకు, ఆ వర్ణములను చూడ నేర్పు మనిషి బడిలో ఉండుట విలాసమని నేనెన్నడును అనుకొనలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. ఆ రాత్రితో రైళ్లు నిలిచినవి. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను. గనులు ఆగినవి. పాలిష్ యంత్రముల రొద ఆగినది. ఏండ్ల తరబడి తాండూరు చెట్లమీద తెల్లగా పేరుకొని యుండెడి రాతిపొడి, వేసవి గాలివానలు రెండు వచ్చిపోయిన తరువాత కడుగబడి, ఆకులు తమ రంగులో తాము కనబడినవి. ఆకసము అంత నీలముగా ఉండగలదని మా వీధి పిల్లలకు అప్పుడే తెలిసినది. చిత్రకారుడు కుంచె పట్టుటకు ఇంతకు మించిన సమయమేదని ఎవ్వరైనను అడుగవచ్చును. కాని నేను కుంచె పట్టలేకపోయితిని. కాగితము ముందు కూర్చుండుటయు, లేచుటయు మాత్రమే జరుగుచుండెను.

దానికి కారణములు వెదకగా మొదట కనబడినది దారిద్ర్యభయము. బడి మూతపడినంతనే జీతము సగమై, ఆ పిదప అదియు లేకపోయినది. బడివారు ఫోనులో తరగతులు మొదలుపెట్టినప్పుడు పాఠముల పట్టికనుండి తక్కిన వానికంటె ముందుగా తొలగింపబడినది డ్రాయింగు పీరియడే. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయులకు కొంతలో కొంత పని మిగిలినది. బొమ్మలు, పాటలు, ఆటలు నేర్పువారు ఇంటికడ కూర్చుండిరి. నేనెరిగిన ఇద్దఱు డ్రాయింగు మాస్టరులలో ఒకడు కూరగాయల బండి తోలెను, ఒకడు గోడలకు సున్నము వేయు పనికి పోయెను. ఆ పనులలో అగౌరవమేమియు లేదు. ఐనను ముప్పదియేండ్లు రేఖను సాధన చేసిన చేయి దానిని విడిచి మఱియొక దానిని పట్టవలసి వచ్చుట సమాజమునకు నష్టమే. 2021 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వము ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చెదనని ప్రకటించినప్పుడు, ఆ సాయము మా వంటివారి ఇండ్లలో పొయ్యి వెలుగుటకు తోడ్పడినదని కృతజ్ఞతతో చెప్పవలెను.

ఐతే భయమొక్కటియే నా చేతిని పట్టి యాపినదని చెప్పిన అది పూర్ణసత్యము కాదు. ఆ ఎండలలో మా ఊరి బాటమీద, రాతిగనులలో పనికై దూరదేశములనుండి వచ్చినవారు సంచులు నెత్తిన పెట్టుకొని నడిచిపోవుటయు, మా కొడంగల్లు, తాండూరు పల్లెలనుండి బొంబాయికి, పూనాకు వలసపోయినవారు కాళ్లు బొబ్బలెక్కి తిరిగివచ్చుటయు చూచినవానికి, వెంటనే దానిని బొమ్మగా గీయుట అపచారమువలె తోచినది. అంతకంటె బలమైన కారణమొకటి నాకు కొంత కాలమునకు గాని తెలియలేదు. నా యెదుట పిల్లలు లేరు. ఇన్నేండ్లుగా ప్రతిదినము ఏదో యొక పసిచేయి గీసిన గీతను చూచి, దానిని దిద్ది, దానితో వాదించి, దానినుండి నేర్చి, సాయంకాలము ఇంటికి వచ్చి నా బొమ్మ నేను వేసికొనుటకు అలవాటుపడితిని. బోధన నా సమయమును తినివేయుచున్నదని లోలోన విసుగుకొన్న దినములును కలవు. ఆ బోధన తొలగిపోయిన నాడు నా చిత్రరచనయు దానితోడనే తొలగిపోయినది. గురువైన చిత్రకారునియందు ఈ రెండును వేర్వేరు వృత్తులు కావని నేను నమ్ముచున్నాను. ఒకటి ఎండినచో రెండవది పచ్చగా నుండదు.

ఆ యేడు వేసవి చివర, నా పాత విద్యార్థిని, బషీరాబాదు వైపు పల్లెలో ఉన్న ఏడవ తరగతి పిల్ల, తండ్రి ఫోనునుండి పిలిచినది. బొమ్మలు గీయవలెనని యున్నదట. "సార్, మా ఇంట్ల రంగులు లెవ్వు. పెన్సిలు గూడ అయిపోయింది. దుకాణాలన్ని బందున్నయి. ఏంతోటి గీయాలె?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సిద్ధముగా సమాధానము లేదు. వారి యింటి వెనుక ఏమున్నదో చెప్పుమంటిని. గడ్డివాము, కోళ్లగూడు, కందికట్టె మోపులు అని చెప్పినది. కంది కోతలైన పిదప మా ప్రాంతమున ఆ కట్టెను ఇంటివెనుక పేర్చి, సంవత్సరము పొడవున పొయ్యిలోనికి వాడుకొందురు. ఆ మాట విన్నంతనే నాకు దారి కనబడినది.

చిత్రకారులు రేఖాభ్యాసమునకు వాడు బొగ్గుపుల్ల విదేశములలో విల్లో అను చెట్టు రెమ్మలనుండి చేయబడును. సన్నని, మెత్తని, బెండువలె తేలికైన రెమ్మ ఏదైనను ఆ పనికి వచ్చును. కందిపుల్ల అందులకు చక్కగా తగినది. నేను చెప్పిన విధానమిది: చిటికెనవ్రేలి లావు పుల్లలను ఏరి, బెరడు ఒలిచి, జానెడు ముక్కలుగా కోసి, మూత గల పాత రేకు డబ్బాలో ఖాళీ లేకుండ నిలువుగా కూర్చవలెను, మూతకు మేకుతో ఒక చిన్న రంధ్రము చేసి, డబ్బాను కణకణలాడు నిప్పులలో పెట్టవలెను, రంధ్రమునుండి తొలుత తెల్లని పొగ దట్టముగా వచ్చి, క్రమముగా పలుచనై, ఆగిపోవును, అప్పుడు డబ్బాను వెలికి తీసి, పూర్తిగా చల్లారు వఱకు మూత తీయరాదు, ఏలయనగా వేడిమీద గాలి తగిలినచో పుల్లలు అంటుకొని బూడిదయగును. నిప్పుతో పని గనుక తల్లిని దగ్గఱ నుంచుకొమ్మంటిని. మఱునాడు ఆ తల్లియే ఫోను చేసి, "సారూ, పొయ్యిల పెట్టే కట్టెతోని గింత నున్నగ గీస్తదని మాకేం ఎరుక! పిల్ల గోడంత గీసి పెట్టింది" అని నవ్వినది. ఆ గోడ బొమ్మను ఫోనులో పంపిరి. ఎద్దు. మూపురము వద్ద రేఖ తెగకుండ, చేయి ఎత్తకుండ, ఒక్క ఊపున గీసిన యెద్దు. దుకాణపు పెన్సిలుతో నోటుపుస్తకములో ఆ పిల్ల అంతకు ముందెన్నడును అట్టి రేఖను గీయలేదు.

ఆనాటినుండి ఒక పిల్లనుండి మఱియొక పిల్లకు ఆ మాట వ్యాపించినది. వాట్సాప్‌లో గుంపు కట్టుకొని, వికారాబాదు పిల్లలును తాండూరు పిల్లలును, ఎప్పుడును ఒకరినొకరు చూడనివారు, తమ తమ బొగ్గుబొమ్మలను పంపుకొనిరి. ఫీజు మాట ఎవ్వరును ఎత్తలేదు, నేనును ఎత్తలేదు. కొందఱు తల్లులు తాండూరు కందిపప్పు సంచులలో కట్టి పంపిరి. 2022 డిసెంబరులో ఆ కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినదని పత్రికలలో చదివినప్పుడు, దాని పప్పు రుచినే గాక దాని పుల్ల చేసిన ఉపకారమును గూడ తలచుకొంటిని.

పిల్లలకు చెప్పిన విద్య గురువును గూడ కదలించును. కాగితము దొరకని పిల్లలకు గోడయు నేలయు చాలునని చెప్పిన నేను, నా కాన్వాసు తెప్పించుకొనలేకపోయితినని ఊరకుండుట న్యాయముగా తోచలేదు. మా ఊరిలో బండ ముక్కలకు కొదువ లేదు. పాలిష్ కార్ఖానాల వెలుపల విఱిగిన అంచులు, పగిలిన పలకలు గుట్టలుగా పడియుండును. వానిని ఏరి తెచ్చి చిత్రించుటకు మొదలిడితిని. పాలిష్ చేసిన ముఖముమీద రంగు నిలువదు, జారిపోవును. గనినుండి వచ్చిన గరుకుముఖమే రంగును పట్టుకొనును. ఎఱుపు కొఱకు అనంతగిరి దిక్కున దొరకు ఎఱ్ఱమన్నును నీళ్లలో కలిపి, ఇసుక అడుగునకు దిగగానే పైనీటిని మఱియొక పాత్రలోనికి వంచి, ఆ నీటిలో పేరుకొన్న మెత్తని ఒండ్రును ఎండబెట్టుకొంటిని. మా అమ్మమ్మలు గడపలకు పూసిన జాజుకు అది సోదరియే. నలుపునకు దీపపు మసి, తెలుపునకు సున్నము, నీలమునకు బట్టలకు పెట్టు నీలిమందు. అన్నిటిని బంధించుటకు తుమ్మజిగురు. దానిని రాత్రియంతయు నానవేసి, గుడ్డలో వడియగట్టి వాడవలెను. పసుపు మాత్రము లొంగలేదు. వంటింటి పసుపు ఎండకు వెలిసిపోవుటయే గాక, సున్నము తగిలినంతనే ఎఱ్ఱబడును. పారాణి కలుపు ప్రతి యిల్లాలికిని తెలిసిన సంగతియే యిది. అందుచే పసుపు కావలసిన చోటులకు పసుపుబండనే యెన్నుకొని, ఆ భాగమున రంగు వేయక రాతిని రాతిగనే విడిచితిని. రాయి తన వన్నెతో చిత్రములో పాలుపంచుకొనుట అట్లు అలవడినది. కొన్న రంగుల గొట్టములు చేతనున్నంత కాలము ఈ ఆలోచన నాకు తట్టలేదు. తట్టవలసిన అవసరమును లేకుండెను.

ఆ బండలమీద నేను గీసినవి ఆ వేసవిలో చూచిన మనుష్యులే. నడిచిపోయినవారిని గీయుట అపచారమని మొదట తోచినదంటిని గదా. వారు తమ చేతులతో చీల్చి తీసిన రాతిమీదనే వారి రూపములను నిలుపుట అపచారము కాదనిపించి, ఆ సంకోచము వీడినది. తలపై సంచితో స్త్రీ, భుజముపై పిల్లతో పురుషుడు, వేపచెట్టు నీడలో చెప్పులు విడిచి కూర్చుండిన ముసలివాడు. ముఖములను వివరముగా గీయలేదు. కందిబొగ్గుతో పిల్లలు గీసిన రేఖలోని తెగువ నాకు ఆదర్శమైనది. చిత్రముల మంచిచెడ్డలను చూచువారు నిర్ణయింతురుగాక. ఇన్నేండ్లలో నా బొమ్మలు నా ఊరివిగా కనబడినది మాత్రము అప్పుడే యని చెప్పగలను.

ఈ అనుభవము నా యొక్కనిది కాదనియు, తెలుగునాట చిత్రకళ బ్రతికినది ఈ త్రోవననే యనియు చరిత్ర చెప్పుచున్నది. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే, తన యొద్ద చదువుకొను కుఱ్ఱవాండ్ర చేతులలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహింపని యెడల, దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు పోయియుండెడివాడు కాడేమో. అడివి బాపిరాజు చేతికి కలముతోపాటు కుంచె వచ్చియుండెడిది కాదేమో. ఆ రామారావు తన ఊరికి తిరిగివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే మశూచి వాత పడెను. అంటువ్యాధి ఒక మహాచిత్రకారుని తీసికొనిపోయినది గాని, ఆయన చిత్రకళాశాలను తీసికొనిపోలేకపోయినది. వరద వెంకటరత్నము మొదలగువారు దానిని నిలిపి, తరువాతి తరమునకు నేర్పిరి. గురువు మరణించినను గురుకులము బ్రతికెను గనుకనే ఆ సంప్రదాయము నేటికిని మనకు తెలియుచున్నది.

తెలంగాణమున ఇంకను దగ్గఱి నిదర్శనము సిద్దిపేట కాపు రాజయ్య. 1925లో పుట్టి 2012లో గతించిన ఆయన చిత్రలేఖనోపాధ్యాయుడుగా జీవించినవాడు. బోనాలు, బతుకమ్మ, పల్లె కులవృత్తులు, నకాశీ చిత్రముల రంగులు ఆయన కుంచెలో ఒదిగి దేశమంతట ఖ్యాతి గాంచినవి. మహానగరములో నిలయము ఏర్పఱచుకొనక, సిద్దిపేటలోనే యుండి, లలితకళాసమితిని స్థాపించి, పిల్లలకు నేర్పుచు, ఆ పిల్లల నడుమనే చిత్రించుచు ఆయన పెద్దవాడయ్యెను. పట్టణపు బడిలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగము సృజనకు అడ్డమని తలచువారు ఆయన జీవితమును ఒకపఱి చూడవలెను. ఆ ఉద్యోగమే లేకున్న అట్టి చిత్రకారుడు సిద్దిపేటలో నిలిచియుండునా? నేడు ఏ మండలకేంద్రములోనైనను అట్టి యువకుడొకడు పుట్టినచో, అతడు నిలుచుటకు ఏ బడిలో ఏ కుర్చీ యున్నది?

బడులు తెఱచిన తరువాతి కథకు వత్తును. 2021 ఫిబ్రవరిలో 9, 10 తరగతులు, ఆ నెల చివర 6 నుండి 8 తరగతులు మొదలై, మార్చి 24నుండి మరల మూతపడినవి. మే 12 మొదలు జూను 19 వఱకు రాష్ట్రమున రెండవ లాక్‌డౌను. సెప్టెంబరు 1న బడులు మరల తెఱవబడినవి. అప్పుడు నా యెదుటకు వచ్చిన పిల్లలు వెనుకటి పిల్లలు కారు. కందిబొగ్గుతో గోడలు నింపినవారు కొద్దిమంది. తక్కిన వారు ఆ కాలమంతయు చేతిలోని ఫోనునకు అంటుకొని గడపినవారు. వారికి పెద్ద డ్రాయింగు షీటు ఇచ్చి గీయుమన్నచో, అరచేయి మేర మూలన గీసి, తక్కినదంతయు ఖాళీగా విడిచిరి. ఏమిరా యని యడుగగా, "ఫొటో తీస్తే ఇంతే పడ్తది సార్" అని ఒక పిల్లవాడు చెప్పెను. బొమ్మ యనగా ఫోను తెరమీద కనబడవలసినదే యని వారి మనస్సులో నాటుకొన్నది. భుజమునుండి కదలవలసిన చేయి మణికట్టు దగ్గఱనే ఆగిపోయినది. ఇది బొమ్మలకు మాత్రమే సంబంధించిన లోపమని నేననుకొనను. దూరమునకు చూచుట, ప్రక్కనున్నవానికి చోటిచ్చి తన చోటు నింపుకొనుట, తప్పిన గీతను చెఱిపి మరల గీయుటకు వెనుదీయకుండుట, ఇవన్నియు ఆ పిల్లలయందు సన్నగిల్లినవి.

నేను వారిని గదిలోనుండి వరండాలోనికి తీసికొనిపోయితిని. తాండూరు బడులలో నేల యంతయు నాపరాయియే. ప్రతి పిల్లకు ఒక బండ, చేత సుద్దముక్కయు కందిబొగ్గును. బండ అంచులు నాలుగును తాకునట్లు గీయవలెనని నియమము. మొదట మోకాళ్లపై వంగి సిగ్గుతో గీసినవారే కొలది వారములలో నిలువుగా లేచి, చుట్టు తిరిగి, తమ బండ చాలక ప్రక్కవాని బండమీదికి ఎగబ్రాకి, జగడమాడి, ఒప్పందము చేసికొని, ఇద్దఱును కలిసి ఒకే చెట్టు గీసిరి. ఆ జగడము నాకు సంతోషమిచ్చినది. వారి తల్లులు వాకిట ముగ్గు పెట్టునపుడు చూపు ఒడుపు, ఆ ఆడపిల్లల చేతులలో నాకు మరల కనబడినది.

ఆ పని అంతటితో నిలిచినది. మూడు నాలుగు నెలలు గడువక మునుపే, వెనుకబడిన చదువును అందుకొనవలెనని చెప్పి, వారమునకున్న ఒక్క డ్రాయింగు పీరియడును బడివారు లెక్కలకు మార్చిరి. వారి భయమును నేను అర్థము చేసికొనగలను; తల్లిదండ్రులు మార్కులడుగుదురు, పరీక్ష ముంచుకొని వచ్చును. కాని కరవుకాలమున ఎద్దును అమ్ముకొన్న రైతు వాన కురిసిన నాడు దున్నుటకేమి చేయును? రెండేండ్లు మనుష్యులకు, ఆటకు, మట్టికి దూరమైన పిల్లవానికి లెక్క అర్థము కావలెనన్నను, ముందు వాని చేయియు కన్నును కుదుటపడవలెను. బొమ్మ గీయు పిల్ల గంటసేపు ఒక్క వస్తువును తదేకముగా చూడనేర్చును. ఆ ఏకాగ్రతయే రేఖాగణితమునకు పెట్టుబడి. అనంతగిరిమీద నిజాముల నాడు క్షయరోగులకు ఆసుపత్రి కట్టినవారు, మందుతోపాటు చెట్టుగాలియు రోగికి అవసరమని యెఱిగియే ఆ కొండను ఎన్నుకొనిరి. పిల్లల విషయమున అంతటి ఎఱుక మనకు ఉండవలదా?

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము 6 నుండి 8 తరగతులలో నూఱుమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య, వ్యాయామవిద్య, పనివిద్యలకు పార్ట్‌టైము బోధకులుండవలెనని చెప్పుచున్నది. నూఱుమంది లేని పల్లెబడికి అదియు లేదు. కళ నేర్చుటకు పిల్లవానికి తోటిపిల్లలు నూఱుమంది ఉండవలెనన్న నియమము న్యాయమైనదని నేను ఒప్పుకొనజాలను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతి వఱకు కళావిద్య తప్పనిసరి కావలెనని సూచించెను. బడులన్నియు మూతపడి యున్న 2020 జులై 29న కేంద్రమంత్రివర్గము ఆమోదించిన నూతన విద్యావిధానము, పాఠ్యాంశములు, సహపాఠ్యాంశములు అను అడ్డుగోడ తొలగవలెనని పలికెను. మన రాష్ట్రపు మూల్యాంకన పద్ధతిలో కళావిద్యకు గ్రేడు వేయుటకు చోటున్నది. కాని పెక్కు బడులలో ఆ గ్రేడు వేయువాడు కుంచె పట్టినవాడు కాడు. సోషలు మాస్టరో, హిందీ పండితుడో ఏడాది చివర కూర్చుండి నింపును. తప్పు ఆయనది కాదు. నేర్పువానిని నియమింపక, నేర్చిన దానికి కొలతను మాత్రము నియమించిన విధానముది.

నేర్పగలవారు లేరా యనిన, కావలసినంతమంది కలరు. ప్రభుత్వ పరీక్షల శాఖ నడపు లోయరు, హయ్యరు డ్రాయింగు పరీక్షలలో ఉత్తీర్ణులై, టీటీసీ శిక్షణ పొంది, ఉద్యోగము లేక ఫ్లెక్సీ దుకాణములలో అక్షరములు దిద్దుచున్నవారు మా రెండు పట్టణములలోనే నాకు తెలిసినవారున్నారు. వారు గోడలమీద వ్రాయు అక్షరముల ఒంపు చూచిన, వారిలో ఎంత శిక్షణ వృథాయగుచున్నదో తెలియును. ఒక పూట జీతపు తాత్కాలిక బోధకుడుగా పిలిచి, ఏడాది గడువక తొలగించి, మరల పిలుచు పద్ధతిలో ఏ గురువును పిల్లవాని చేతిని ఎదుగునట్లు చేయలేడు. ఏడవ తరగతిలో గోడమీద ఎద్దును గీసిన పిల్ల ఇంటర్మీడియటులో చేరులోపల మూడునాలుగేండ్లయినను ఒకే గురువు కన్నులు ఆమె రేఖను వెంబడింపవలెను. ఆ పిల్ల ఇప్పుడు పదవ తరగతి దాటినది. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరవలెనని యున్నదని చెప్పుచున్నది. నా యొద్దనుండి పోయిన తరువాత ఆమె చదివిన రెండు బడులలోను డ్రాయింగు సారు లేడు.

కావున వికారాబాదు జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాలకును, పిల్లల సంఖ్యతో నిమిత్తము లేకుండ, ఒక పూర్తికాలపు చిత్రలేఖనోపాధ్యాయుని నియమింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాను. ఒక్క బడికి ఒక్కని నియమించుట భారమైనచో, సమీపముననున్న రెండు బడులకు ఒకనిని నియమించి పూర్తిజీతమిచ్చినను చాలును. ప్రైవేటు బడుల యాజమాన్యములకు నా మనవి: లాక్‌డౌను నాడు తీసివేసిన డ్రాయింగు పీరియడును మరల పట్టికలో చేర్చుడు; ఆ నాడు ఇంటికి పంపిన మాస్టరును మరల పిలువుడు. తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ జూనులో మీ పిల్లను బడిలో చేర్చునపుడు ఫీజెంత, బస్సున్నదా యని యడుగుదురు గదా; అప్పుడే బొమ్మలు నేర్పు సారున్నాడా, వారమునకు ఎన్ని పీరియడులని కూడ అడుగుడు. లేడని చెప్పిన, ఎందుకు లేడని అడుగుడు.